మౌనం అర్ధాంగీకారం కాదు: ట్రిప్ యాప్ డిజైన్ చేయడంలో ఒక పాఠం

మన దగ్గర మ్యాప్ ఉంది. బస్సు టికెట్ బుక్ చేసుకునే యాప్ ఉంది. డబ్బులు పంపడానికి యూపీఐ, మాట్లాడుకోడానికి వాట్సాప్ గ్రూప్ ఉన్నాయి. ఇన్ని ఉన్నా పదిమంది కలిసి ఒక్కరోజు కొండపల్లి ఖిల్లా చూసి రావాలంటే మూడు వారాల చర్చ అవుతుంది. చివరికి బస్సెక్కేది ఐదుగురు. మా జి.కొండూరు నుంచి చూస్తే కొండపల్లి పక్క ఊరి లెక్క. దూరం సమస్య కాదని దీన్నిబట్టే తెలుస్తోంది. మరి సమస్య ఎక్కడుంది?

ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి మా టీం "గ్రూప్ ట్రిప్ ప్లానర్" టాపిక్ తీసుకుంది. కోడ్ మొదలుపెట్టే ముందు నెల రోజులు కాగితం మీదే డిజైన్ చేశాం. ఆ నెలలో నాకు అర్థమైనవి ఇక్కడ రాస్తున్నాను. కోడ్ ఉండదు కాబట్టి మెకానికల్, సివిల్ వాళ్ళు కూడా భయపడకుండా చదవొచ్చు. టెక్నికల్ పదాలు మాత్రం ల్యాబ్‌లో మనం పలికినట్టే రాస్తున్నా.

1. వీరాస్వామి గారి మజిలీలు

గ్రూప్ ట్రిప్ గురించి తెలుగులో మొదట చదవాల్సిన పుస్తకం ఏనుగుల వీరాస్వామి గారి "కాశీయాత్ర చరిత్ర". ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసేవారు. 1830 మే 18న సుమారు వందమందిని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పైమాట. దారిలో చూసినవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి రాసి పంపుతూ వచ్చారు. అదే 1838లో పుస్తకంగా అచ్చయింది. తర్వాత 1941లో మన బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని పరిష్కరించి మళ్ళీ అచ్చు వేయించారు.

డిజైనర్ కళ్ళతో చదివితే ఆ పుస్తకం ఒక డేటాబేస్‌లా ఉంటుంది. ప్రతి మజిలీ ఒక రో. ఊరు పేరు, ముందు మజిలీ నుంచి దూరం, దిగడానికి చోటు, నీళ్ళు, దొరికే సరుకులు, ఇవన్నీ కాలమ్స్. ఇప్పటి యాప్‌లలో ఒక చోటు గురించి ఏముంటుంది? ఫోటో, స్టార్ రేటింగ్. పదిమంది వెళ్ళినప్పుడు నిజంగా కావలసింది వీరాస్వామి గారి కాలమ్సే. తాగే నీళ్ళు ఉన్నాయా, ఎండలో నిలబడాలా, అమ్మాయిలకి బాత్‌రూం ఉందా, ఎన్నింటికి మూస్తారు. అందుకే మా యాప్‌లో "స్టాప్" తీసేసి "మజిలీ" అని పెట్టాం.

కానీ ఆ యాత్రకీ మన ట్రిప్పుకీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ నిర్ణయం ఒకరిది, ఖర్చు పెట్టేదీ ఆయనే. మన ఊళ్ళలో శబరిమల వెళ్ళే బృందం కూడా అంతే. ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో గురుస్వామి చెప్పాక ఇంక ఓటింగ్ ఉండదు. ఫ్రెండ్స్ గ్రూపులో గురుస్వామి లేడు. అడ్మిన్ ఉంటాడు గానీ అతని మాట ఎవరూ వినరు! నాయకుడు లేనిచోట పదిమంది ఒక మాట మీదికి ఎలా రావాలన్నదే ఈ యాప్ అసలు ప్రాబ్లం.

2. రూట్ తేలిక

టాపిక్ వినగానే అందరూ "ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లం పెట్టు మామా, మార్కులు పడతాయి" అన్నారు. లెక్క వేసి చూద్దాం. ఒక్కరోజు ట్రిప్పులో నాలుగు మజిలీలకంటే కుదరవు. కొండపల్లి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి, వేదాద్రి, జగ్గయ్యపేట అనుకోండి. నాలుగింటిని అమర్చే పద్ధతులు 24. ఎనిమిదైనా 40,320. ఫోన్ వాటన్నిటినీ రెప్పపాటులో చూసేస్తుంది. గొప్ప అల్గారిదం అక్కర్లేదు.

రూట్ విషయంలో పనికొచ్చే ఆలోచన ఒకటుంది: వెనక నుంచి లెక్కపెట్టడం. ఎన్నింటికి బయల్దేరాలి అని మొదలుపెట్టకుండా, ఇంటికి ఎన్నింటికి చేరాలి అని మొదలుపెట్టాలి. గ్రూపులో అందరికంటే ముందు ఇల్లు చేరాల్సినవాళ్ళు 6:30 అన్నారనుకుందాం. జగ్గయ్యపేట నుంచి జి.కొండూరుకి, ఇబ్రహీంపట్నం రింగ్‌లో బస్సు మారే టైం కలుపుకుని, మూడు గంటలు వేసుకుందాం. అంటే జగ్గయ్యపేటలో 3:30కి బస్సెక్కాలి. ధనంబోడు మీద బౌద్ధ స్తూపం చూడటానికీ, భోజనానికీ రెండు గంటలు. కాబట్టి 1:30కి జగ్గయ్యపేటలో ఉండాలి. వేదాద్రి నుంచి అక్కడికి రావడానికి గంట, వేదాద్రిలో నరసింహస్వామి దర్శనం, కృష్ణ ఒడ్డు కలిపి ఇంకో గంట. అంటే వేదాద్రికి 11:30కి చేరాలి. మన ఊరి నుంచి అక్కడికి మూడు గంటలు తీస్తే బయల్దేరే టైం పొద్దున్న 8:30.

ఇప్పుడు గ్రూపులో ఎవరైనా "పదింటికి స్టార్ట్ అవుదాం, ఆదివారమేగా" అని మెసేజ్ పెడితే యాప్ గట్టిగా అరవక్కర్లేదు. "ఇంటికి చేరేది రాత్రి 8:00" అని పక్కన చూపిస్తే చాలు.

3. రెండు లిస్టుల్లోనూ లేనివాళ్ళు

డేటాబేస్‌లో మేము ముందు పెట్టిన కాలమ్ "వస్తున్నారా?". ట్రూ, ఫాల్స్ సరిపోతాయి కదా అనిపిస్తుంది. కానీ గ్రూపులో నిజంగా ఏం జరుగుతుందో చూడండి. పదిమందిలో నలుగురు "డన్" అంటారు. ఒకరు "కుదరదు రా" అంటారు. మిగతా ఐదుగురు మెసేజ్ చూసి ఊరుకుంటారు. బ్లూ టిక్ వస్తుంది, జవాబు రాదు.

మన పెద్దవాళ్ళు మౌనం అర్ధాంగీకారం అన్నారు. ట్రిప్ వేసేవాడు ఆ సామెతని నమ్మి పదిమందికి వ్యాన్ మాట్లాడతాడు. ఇంకొకడు దాన్ని తిరగేసి, జవాబు చెప్పనివాడు రానట్టే అని వాళ్ళని వదిలేస్తాడు. ఇద్దరూ లేని జవాబుని వాళ్ళే రాసుకున్నారు.

ఎస్‌క్యూఎల్‌లో దీనికి నల్ అనే విలువ ఉంది. నల్ అంటే సున్నా కాదు, ఫాల్స్ కాదు, "తెలియదు" అని. దాని ప్రవర్తన డీబీఎంఎస్ ల్యాబ్‌లో అందరం చూశాం. "వస్తున్నారా ఈక్వల్స్ ట్రూ" అని క్వెరీ రాస్తే నల్ ఉన్న రోలు రావు. "ఈక్వల్స్ ఫాల్స్" అని రాసినా రావు. అంటే జవాబు చెప్పని మనిషి వచ్చేవాళ్ళ లిస్టులోనూ ఉండడు, రానివాళ్ళ లిస్టులోనూ ఉండడు. ప్రోగ్రామ్‌కి ఆ మనిషి కనపడడు. గ్రూపుకీ అంతే.

అందుకే మా డిజైన్‌లో బటన్లు మూడు పెట్టాం: "వస్తాను", "రాలేను", "ఇంట్లో అడగాలి". ఈ మూడోది మన దగ్గర చాలామందికి నిజమైన జవాబు. ముఖ్యంగా అమ్మాయిలకి, హాస్టల్ వాళ్ళకి. నాన్న పొలం నుంచి వచ్చాక, మూడ్ చూసి, అమ్మతో చెప్పించి అడగాలి. దానికి "యస్" అనో "నో" అనో వెంటనే నొక్కమంటే అబద్ధం నొక్కడమే అవుతుంది. "ఇంట్లో అడగాలి" నొక్కితే యాప్ ఒక తేదీ అడుగుతుంది. శుక్రవారం అంటే శుక్రవారం దాకా ఎవరూ వాళ్ళని కదపరు. శుక్రవారం సాయంత్రం ఒక్కసారి యాప్ గుర్తు చేస్తుంది. ఏ బటనూ నొక్కనివాళ్ళు "ఇంకా చెప్పలేదు" అని నాలుగో లిస్టులో పేరుతో సహా కనిపిస్తారు. వాళ్ళని మర్చిపోవడం అప్పుడు కుదరదు.

4. ఎక్కువ ఓట్లు వచ్చినంత మాత్రాన

చోటు ఎంచుకోడానికి ఇప్పుడు అందరం వాట్సాప్ పోల్ పెడుతున్నాం. పదిమందికి తలా ఒక ఓటు ఇచ్చామనుకోండి. సూర్యలంక బీచ్‌కి 4, కొండపల్లికి 3, వేదాద్రికి 3. బీచ్ గెలిచింది. కానీ మిగతా ఆరుగురిలో ముగ్గురు అంత దూరం అసలు రాలేరు. గెలిచిన ప్లాన్‌తో ముగ్గురు పోయారు.

ఇప్పుడు "మీకు ఓకే అనిపించినవన్నీ టిక్ చేయండి" అని అడుగుదాం. దీన్ని అప్రూవల్ ఓటింగ్ అంటారు. అదే పదిమంది. బీచ్‌కి 5, వేదాద్రికి 7, కొండపల్లికి 9. కొండపల్లి చాలామంది మొదటి ఇష్టం కాకపోవచ్చు, కానీ దాదాపు అందరూ కలిసి వెళ్ళగలిగేది అదే. గ్రూప్ ట్రిప్పులో గ్రూపే ముఖ్యం అనుకుంటే రెండో పద్ధతే సరైనది.

ఇంకో రెండు చిన్న మార్పులు చేశాం. ఒకటి, "ఇష్టం లేదు", "రాలేను" వేర్వేరు. బీచ్ బోర్ అనడం ఒకటి, బీచ్‌కి ఇంట్లో పంపరు అనడం ఇంకొకటి. రెండూ ఒకే మైనస్ ఓటు అయితే లెక్క తప్పుతుంది. రెండోది, ఓట్లు అందరూ వేశాకే కనపడాలి. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి వేశారో అప్పటికప్పుడు కనపడుతుంది. మొదటి నలుగురూ బీచ్ అన్నాక ఐదోవాడు కొండపల్లి అనడానికి కొంచెం ధైర్యం కావాలి.

5. ట్రిప్పుకే వచ్చే జ్వరం

అన్నిటికంటే కష్టమైన భాగానికి వచ్చాం. మా బ్యాచ్‌లో ఒకరికి ప్రతి ట్రిప్పుకీ ముందు రోజు జ్వరం వస్తుంది. ఇంటర్నల్స్‌కి రాదు, ల్యాబ్‌కి రాదు. ట్రిప్పుకే వస్తుంది. కొన్నాళ్ళు అందరూ నవ్వారు. తర్వాత పిలవడం మానేశారు. ఆ జ్వరం పేరు ఎనిమిది వందల రూపాయలు అని చెప్పాల్సిన పనిలేదు అనుకుంటా. మీ బ్యాచ్‌లో కూడా ఒకరుండే ఉంటారు, చూడండి.

"నా దగ్గర అంత లేదు" అనే వాక్యం గ్రూపులో టైప్ చేయడం చాలా కష్టం. అందుకే మా యాప్‌లో ప్లాన్ పెట్టకముందే ప్రతి ఒక్కరూ ఒక అంకె ఇస్తారు: ఈ ట్రిప్పుకి నేను పెట్టగలిగేది ఎంత. అది ఎవరికీ కనపడదు. ప్లాన్ ఖర్చు ఎవరి పరిమితి దాటినా "ఈ ప్లాన్ అందరికీ కుదరదు" అని మాత్రం వస్తుంది.

బాగానే ఉంది కదా? కానీ టీం మీటింగులో ఒక ప్రశ్న వచ్చింది. ప్లాన్ పెట్టేవాడు తెలివైనవాడైతే? రూ.1000 పెడతాడు, కుదరదు అంటుంది. 500 పెడతాడు, కుదురుతుంది అంటుంది. 750 పెడతాడు. ఇది అచ్చం బైనరీ సెర్చ్! సున్నా నుంచి 2000 వరకు 50 చొప్పున 41 అంకెలు. ఆరు ప్రశ్నల్లో అందరికంటే తక్కువ పరిమితి ఎంతో బయటపడుతుంది. అది ఎవరిదో ఊహించడం గ్రూపుకి కష్టం కాదు. మనం దాచామనుకున్నది దాగలేదు.

దీనికి మూడు కట్టుబాట్లు పెట్టాం. మొదటిది, కారణాలన్నీ ఒకే కుండలో పోయడం. తేదీ కుదరకపోయినా, ఇంట్లో ఒప్పుకోకపోయినా, డబ్బు చాలకపోయినా గ్రూపుకి కనపడేది ఒకటే మాట, "అందరికీ కుదరదు". కారణం చెప్పదు. రెండోది, పరిమితులు 200, 400, 700, 1000 అనే మెట్లుగానే తీసుకుంటుంది. మూడోది, ప్లాన్ ధర మార్చితే పదిమందినీ మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది, ఒక ట్రిప్పులో రెండుసార్లకు మించి మార్చనివ్వదు. దీంతో ఆరు ప్రశ్నలు అడిగే అవకాశమే పోయింది. పూర్తి రహస్యం అని నేను అనను. కానీ జ్వరం తెచ్చుకోవాల్సిన అవసరం తగ్గుతుంది.

6. సగటు చేసే అన్యాయం

ఖర్చు అనగానే మొత్తాన్ని మనుషులతో భాగిస్తాం. మన రాష్ట్రంలో ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకి, ట్రాన్స్‌జెండర్లకి ఆర్టీసీలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. గుర్తింపు కార్డు చూపించాలి. అంతర్రాష్ట్ర సర్వీసుల్లో ఇది వర్తించదు. జగ్గయ్యపేట దాటితే తెలంగాణే కాబట్టి మన వైపు ప్లాన్లలో ఈ తేడా తప్పకుండా వస్తుంది.

ఆరుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు, రానూపోనూ టికెట్ మనిషికి రూ.100 అనుకుందాం. మొత్తం రూ.400. పదితో భాగిస్తే తలా 40. అంటే ఉచితంగా ఎక్కిన ఆరుగురి చేత టికెట్ డబ్బులు కట్టిస్తున్నాం. "టైం కలిసొస్తుంది" అని రూ.3000 పెట్టి వ్యాన్ మాట్లాడితే తలా 300. అబ్బాయిలకి 100 కాస్తా 300 అయింది, అమ్మాయిలకి సున్నా కాస్తా 300 అయింది. "వ్యాన్ అయితే జస్ట్ రెండొందలు ఎక్కువ" అనే మాట ఆరుగురి విషయంలో నిజం కాదు. అందుకే మా స్క్రీన్ మీద సగటు చూపించం. ఎవరి ఫోన్‌లో వాళ్ళ ఖర్చే కనపడుతుంది.

7. తిరిగొచ్చాక లెక్క తేల్చడం

నలుగురిని తీసుకుందాం, పేర్లు అ, ఆ, ఇ, ఈ. ఆటోకి రూ.1200 "అ" ఇచ్చారు. భోజనాలకి రూ.600 "ఆ" ఇచ్చారు. ఎంట్రీ టికెట్లకి రూ.200 "ఇ" ఇచ్చారు. "ఈ" ఏమీ పెట్టలేదు. ప్రతి ఖర్చుకీ విడివిడిగా డబ్బులు పంపుకుంటే మొత్తం తొమ్మిది యూపీఐలు.

అలా కాకుండా ముందు నికరం తీద్దాం. మొత్తం 2000, తలా 500. "అ"కి 700 రావాలి, "ఆ"కి 100 రావాలి. "ఇ" 300 ఇవ్వాలి, "ఈ" 500 ఇవ్వాలి. "ఈ" నుంచి "అ"కి 500, "ఇ" నుంచి "అ"కి 200, "ఇ" నుంచి "ఆ"కి 100. మూడు చెల్లింపుల్లో అయిపోయింది. ఎందుకంటే ప్రతి చెల్లింపుతో కనీసం ఒకరి బాకీ సున్నా అవుతుంది, చివరి దాంతో ఇద్దరివీ తీరిపోతాయి. కాబట్టి ఎంతమంది ఉన్నా, వాళ్ళ సంఖ్యకంటే ఒకటి తక్కువ చెల్లింపులు చాలు. అంతకన్నా తగ్గించగలమా అని అన్ని సందర్భాల్లో కచ్చితంగా కనుక్కోవడం మాత్రం ఎన్‌పీ-హార్డ్. మన ట్రిప్పుకి ఆ బాధ అక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. ఆ రోజు "అ" ఉపవాసం, భోజనం చేయలేదు. అప్పుడు 600 ముగ్గురికే పంచాలి. అంటే ప్రతి ఖర్చు పక్కనా అందులో ఎవరెవరున్నారో రాసుకోవాలి. ఇప్పుడు "అ"కి 850, "ఆ"కి 50 రావాలి. "ఇ" 350, "ఈ" 550 ఇవ్వాలి. అటు 900, ఇటు 900. రెండు వైపులా సమానం కాకపోతే ప్రోగ్రామ్‌లో ఎక్కడో బగ్ ఉన్నట్టే.

ఇంకొకటి, డబ్బుని ఫ్లోట్‌లో దాచొద్దు. చాలా లాంగ్వేజీల్లో 0.1 కి 0.2 కలపమంటే 0.30000000000000004 వస్తుంది. పైసల్లో, ఇంటీజర్‌గా పెట్టుకోవాలి. వంద రూపాయలు ముగ్గురికి పంచితే తలా 33 రూపాయల 33 పైసలు, ఒక పైసా మిగులుతుంది. ఆ పైసా ఎవరిదో ముందే రూల్ రాయాలి. మా రూల్: డబ్బు పెట్టినవాళ్ళ వాటాలో వేసేయడం.

8. వాగు పొంగితే

మన వైపు ప్లాన్‌కి వానాకాలంలో ఇంకో పరీక్ష ఉంది. 2023 జులై ఆఖరులో, మళ్ళీ 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్ళొచ్చాయి. విజయవాడ, హైదరాబాద్ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. జగ్గయ్యపేట వెళ్ళి తిరిగి రావాలంటే మనకీ అదే రోడ్డు. అందుకే ప్రతి ప్లాన్‌కీ "దారి మూసుకుంటే" అని ఒక ఖాళీ గడి పెట్టాం. ఎక్కడ ఆగాలి, ఎవరి బంధువులు ఆ ఊళ్ళో ఉన్నారు, ఇంటికి ఎవరు ఫోన్ చేయాలి. అది నింపితేనే ప్లాన్ లాక్ అవుతుంది. ఈ పేజీ నెట్ లేకపోయినా తెరుచుకోవాలి. సిగ్నల్ పోయేది సరిగ్గా అప్పుడే కదా.

మీరు చేసి చూడండి

యాప్ లేకుండా కూడా ఈ పాఠం పనిచేస్తుంది. మీ తర్వాతి ట్రిప్పుకి ఒక కాగితం తీసుకుని ఐదు గడులు గీయండి. పేరు, జవాబు (వస్తాను, రాలేను, ఇంట్లో అడగాలి, ఇంకా చెప్పలేదు), ఇంటికి చేరాల్సిన టైం, ఓకే అన్న చోట్లు, ఎవరి ఖర్చు వాళ్ళది. బడ్జెట్ అంకెలు మాత్రం ఆ కాగితం మీద రాయొద్దు. చీటీల మీద పేరు లేకుండా రాయించి, కలిపి, అందులో అన్నిటికంటే చిన్న అంకెకి సరిపోయే ప్లాన్ వేయండి. చీటీ ఎవరిదని చేతిరాత చూసి వెతకొద్దు.

అప్పుడు మీ గ్రూపులో జ్వరం ఎంతమందికి తగ్గుతుందో లెక్కపెట్టి వచ్చే సంచికకి రాసి పంపండి.